ఓడెక్కిన వేటగాడు

ముందు వాసన తగిలింది.

వాన అప్పుడే వెలిసింది. అడవిలోంచి ఆవిరి లేస్తోంది. బాట మీద ముందు నడుస్తున్నవాళ్లు ఠక్కున ఆగారు. వచ్చేది సముద్రపు ఉప్పుగాలి కాదు. కుళ్లిన మాంసం.

ఇంకో నాలుగడుగులు వేశాక ఈకలు కనిపించాయి. గడ్డి మీద, రాళ్ల సందుల్లో, ఎర్రమట్టిలో సగం కూరుకుపోయి. ఆ పక్కన ఓ రెక్క. ఒట్టి రెక్కే. దానికి పక్షి లేదు.

అది 2005. పసిఫిక్ మహాసముద్రంలో జపాన్‌కి చెందిన ఒగసవారా దీవులు. వాటిలో హహాజిమా ఒకటి. తారురోడ్డు ఆగిపోయిన చోట దిగి, దక్షిణానికి అడవిబాట పట్టి చాలాసేపు నడిస్తే దీవి కొసన మినమిజాకి వస్తుంది. ఎటు చూసినా నీలం నీళ్లు. అంచున కొండరాళ్లు. మనుషులు కాపురం ఉండే ఒగసవారా దీవుల్లో సముద్రపక్షులు గుంపులుగా గుడ్లు పెట్టే చోటు అప్పటికి అదొక్కటే మిగిలింది. పక్షుల్ని గమనించే పరిశోధకులకి అక్కడ ప్రతి గుడ్డూ లెక్కే. ఈసారి వాళ్లు లెక్కపెట్టాల్సి వచ్చింది గుడ్లని కాదు.

శవాల్ని.

గోధుమరంగు బూబీలవి. కిలో పైన బరువు. రెక్కలు విప్పితే మీటరున్నర దాకా వెడల్పు. చేపని చూసి ఆకాశం నుంచి నిట్టనిలువునా నీళ్లలోకి దూకే పక్షులు. ఇప్పుడు నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, ఒంటి మీద పంటిగాట్లతో. ఆ పక్కనే షియర్‌వాటర్ల బొరియలు. ఈ పక్షులు పగలంతా సముద్రం మీదే తిరిగి, చీకటి బాగా చిక్కబడ్డాక నేలకి దిగి, కాళ్లతో మట్టిలో తవ్వుకున్న బొరియలో దూరి, ఏడాది మొత్తానికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి, ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. ఆ బొరియల ముందు కూడా ఈకలే.

ఎవరు చేశారీ పని?

ఎలుకా? ఇంత పక్షిని ఎలుక ఏం చేయగలదు? పిల్లా? పిల్లి పిచ్చుకని పడుతుంది, తొండని పడుతుంది. మొనదేలిన ముక్కున్న ఈ పక్షి మీదికి దూకుతుందా? ఒక్క పోటు తగిలితే కన్ను పోదూ?

అనుమానంతో పని జరగదు. సాక్ష్యం కావాలి. ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా తెచ్చి అక్కడ బిగించారు. మనుషుల వాసన తగ్గాలని అందరూ వెనక్కి వచ్చేశారు. ఇక ఆ చోట మిగిలింది గాలి, అలల హోరు, కొన్ని పక్షులు, ఒక కెమెరా.

ఓ రాత్రి దాని ముందుకి ఎవరో వచ్చారు.

* * *

ఫొటోలో చీకటి. చీకటి మధ్యలో ఒక పిల్లి. నోట్లో బూబీ.

పక్షి దాదాపు పిల్లంత ఉంది. వేలాడుతోంది. పిల్లి మెడ నిటారుగా పెట్టి, బరువుని పళ్లతో బిగబట్టి ఈడ్చుకుపోతోంది. తడబాటు లేదు. చూస్తే ఇది మొదటిసారి కాదని తెలిసిపోతోంది.

ఈ వేట ఇంత సులువుగా ఎలా సాగింది? జవాబు ఆ దీవుల పుట్టుకలోనే ఉంది. ఒగసవారా ఏనాడూ ఏ ఖండంతోనూ కలిసి లేదు. టోక్యోకి దక్షిణంగా సుమారు 1,000 కిలోమీటర్లు. పాలన టోక్యోదే, కార్ల నంబర్ ప్లేట్లూ టోక్యోవే, కానీ ప్రయాణికుల విమానం దిగే చోటు లేదు. వారానికి ఒక్కసారన్నట్టు వచ్చే ఓడే దిక్కు. అంత సముద్రం దాటి నాలుగు కాళ్ల జంతువేదీ సొంతంగా అక్కడికి చేరలేదు. క్షీరదాల్లో ఎగిరొచ్చిన పండ్ల గబ్బిలం ఒక్కటే అక్కడి స్థానికురాలు. నేల మీద నక్కి నక్కి వచ్చే శత్రువంటూ ఒకడుంటాడని ఆ పక్షులకి తెలీదు. పారిపోవాలని తోచదు.

1830లో మొదటి కాపురాలు వెలిశాయి. మనుషుల వెనకే మేకలు వచ్చాయి, ఎలుకలు వచ్చాయి, పిల్లులు వచ్చాయి. పెరట్లోంచి అడవిలోకి జారుకున్న పిల్లులు అక్కడే ఈనాయి. మూడు నాలుగు తరాలు తిరిగేసరికి మనిషి చెయ్యి ఎలా ఉంటుందో తెలీని పిల్లులు తయారయ్యాయి. ఊరు కళ్లు మూసుకుని కూర్చోలేదు. పెంపుడు పిల్లుల్ని నమోదు చేయాలంటూ 1998లోనే ఒగసవారా గ్రామం నిబంధన తెచ్చింది. జపాన్‌లో అలాంటిది అదే మొదటిది. కానీ ఫొటోలో ఉన్నది ఏ రిజిస్టరులోనూ లేని పిల్లి.

దానికి ఇల్లు లేదు. యజమాని లేడు. పేరు లేదు. నేరం మాత్రం ఉంది, ఫొటోతో సహా.

* * *

బోను పెట్టారు.

ఇనుప తీగల బోను. ఆ చివర ఎర. మధ్యలో ఒక పలక. దాని మీద కాలు పడిందంటే వెనక తలుపు దిగిపోతుంది. చెప్పుకోవడానికి ఇంతే. పెట్టినవాళ్లకి తెలుస్తుంది అసలు సంగతి. అడవిలో పుట్టిన పిల్లికి ఆకలి కన్నా అనుమానం ఎక్కువ. బోను కదిలితే రాదు. పాదానికి తీగ తగిలితే రాదు. కొత్త వాసనేస్తే రాదు. ఈలోగా ఎర వాసనకి శంఖాలు మోసుకుంటూ తిరిగే పీతలు చేరతాయి. వేడికి మాంసం గంటల్లో పాడవుతుంది. తెల్లారకముందే వెళ్లి చూడాలి, ఎందుకంటే ఎండ పొడిచాక బోనులో ఉన్న జంతువు ఒళ్లు మాడిపోతుంది. వెళ్లాలంటే మళ్లీ ఆ అడవిబాటే, ఆ జారుడు మట్టే, ఆ చెమటే.

ఖాళీ బోను. మళ్లీ ఎర. మళ్లీ ఖాళీ బోను.

తర్వాత ఒకసారి తలుపు దిగి ఉంది.

లోపల ఉన్నది మనుషుల్ని చూసి మ్యావ్ అనలేదు. గుర్రుమంది. చెవులు తలకి అతుక్కుపోయాయి. కనుపాపలు పూర్తిగా విచ్చుకుని కళ్లు నల్లగా కనిపిస్తున్నాయి. ఒక్క ఊపున తీగల మీదికి దూకింది. బోను అదిరింది. మళ్లీ దూకింది. ఇలాంటప్పుడు పిల్లులు పళ్లు విరగ్గొట్టుకుంటాయి, గోళ్లు ఊడగొట్టుకుంటాయి, ముక్కు చీరుకుంటాయి. అయినా ఆగవు. ఆపే మందు ఒకటే. గుడ్డ.

బోను మీద దళసరి గుడ్డ కప్పారు. వెలుతురు పోయింది. మనుషులు కనిపించడం మానేశారు. లోపల గలాటా తగ్గింది. తగ్గి, ఆగిపోయింది. గుడ్డ కింద ఊపిరి మాత్రం వేగంగా ఆడుతోంది.

పట్టడం అయిపోయింది. కానీ ఆ క్షణాన ఆ బోను చుట్టూ ఉన్న ఎవరి దగ్గరా ఒక ప్రశ్నకి జవాబు లేదు.

ఇప్పుడు దీన్నేం చేయాలి?

* * *

దారులు మూడు.

ఒకటి, దీవిలోనే ఇంకోచోట వదిలేయడం. హహాజిమా వైశాల్యం 20 చదరపు కిలోమీటర్లే. పిల్లికి దిక్కులు తెలుసు. తన చోటు ఏదో దానికి తెలుసు. వదిలినవాళ్లు ఇల్లు చేరేలోపే అది వెనక్కి బయల్దేరుతుంది. రాకపోతే ఇంకా నష్టం. కొత్తచోట కొత్త గూళ్లు దొరుకుతాయి.

రెండు, ఊళ్లోనే ఉంచడం. ఎవరింట్లో? ఎవరి చేతుల మీదుగా? దీవుల్లో అప్పటికి జంతువుల డాక్టరే లేడు. పిల్లికి జ్వరమొచ్చినా వెయ్యి కిలోమీటర్లు సముద్రం దాటాలి. అందులోనూ ఇది మనిషి కనబడితే మీదపడే పిల్లి.

మూడోది అందరికీ తెలుసు. ప్రపంచంలో ఎన్నో దీవులు పక్షుల కోసం పట్టిన దారి అదే. ఒక సూది. అరనిమిషం. పక్షులు బతుకుతాయి, ఖర్చు మిగులుతుంది, విషయం ముగిసిపోతుంది. ఎవరూ తప్పనలేరు కూడా.

కానీ ఈ ఊళ్లో చాలా ఇళ్లల్లో పిల్లులున్నాయి. ఒడిలో పడుకునే పిల్లికీ, గుడ్డ కింద రొప్పుతున్న పిల్లికీ జాతి ఒకటే. దాన్ని అడవిపాలు చేసింది ఎవరు? మనుషులే. ఇంకో సంగతీ ఉంది. బలవంతంగా తరలించడమంటే ఏమిటో ఆ దీవులకి బాగా తెలుసు. 1944లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అక్కడి సామాన్య జనాన్ని ఉన్నపళంగా ఓడల్లో ఎక్కించి ప్రధాన భూభాగానికి పంపేశారు. యుద్ధం ముగిశాక దీవులు అమెరికా నౌకాదళం చేతిలోకి వెళ్లాయి. 1968లో జపాన్‌కి తిరిగి వచ్చేదాకా చాలామంది తమ ఇంటి గడప తొక్కలేకపోయారు. ఇల్లు పోవడం ఏమిటో ఎరిగిన మట్టి అది.

పరిశోధకులు టోక్యో పశువైద్యుల సంఘాన్ని కదిలించారు. పక్షుల్ని కాపాడాలి, పట్టిన పిల్లి ఉంది, దీవిలో దారి లేదు, ఏం చేయమంటారు?

సమాధానం వచ్చింది. దీవిలో చాలామంది ఊహించని సమాధానం.

పంపించండి. మేం తీసుకుంటాం.

* * *

అలా అనడం తేలికేం కాదు. పిల్లిపిల్ల మనిషికి మాలిమి కావాలంటే దానికో వయసుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో మనిషి చెయ్యి తగిలితే జీవితాంతం మనిషిని నమ్ముతుంది. ఆ తలుపు ఒకసారి మూసుకుపోయాక తెరవడం మహా కష్టమని ఏ పశువైద్యుడైనా చెబుతాడు. ఇక్కడున్నది బాగా ఎదిగిన మగపిల్లి. బూబీల్ని పడగొట్టి బతికింది. దానికి మనిషంటే ఒకటే అర్థం. ప్రమాదం.

అయినా ప్రయాణం ఖాయమైంది. మొదట హహాజిమా నుంచి పొరుగు దీవి చిచిజిమాకి. చిన్న ఓడ, సుమారు 50 కిలోమీటర్లు, రెండు గంటలు. అక్కడ పెద్ద ఓడ కాచుకుని ఉంటుంది. పేరు ఒగసవారా మారు. అప్పట్లో అది టోక్యో రేవు చేరడానికి పాతిక గంటల పైనే పట్టేది.

చిచిజిమా రేవులో ఓడ కదిలే వేళ ఎప్పుడూ తిరునాళ్లే. డోళ్లు మోగుతాయి. జనం చేతులూపుతారు, వెళ్లిరండని గొంతు చించుకుంటారు. చిన్న పడవలు పెద్ద ఓడ పక్కన నురగలు కక్కుతూ పరుగెడతాయి, రేవు దాటేదాకా వెంటబడతాయి, చివర్న పడవల మీదున్న కుర్రకారు ఒకరి తర్వాత ఒకరు ధభీమని సముద్రంలోకి దూకి నీళ్లలోంచే వీడ్కోలు చెబుతారు. డెక్కు మీద ఉన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఈ సంబరం ఏదీ ఆ పిల్లికి తెలీదు. దానికి అందింది ఇంజిన్ల అదురు ఒక్కటే.

గుడ్డ కింద చీకటి. నూనె వాసన. నేల ఊగుతోంది. పుట్టి బుద్ధెరిగాక కాళ్ల కింద నేల ఎప్పుడూ కదల్లేదు. భయపడ్డ పిల్లి తిండి ముట్టదు, నీళ్లు ముట్టదు, మూత్రం బిగబట్టుకుంటుంది. పడే బాధంతా లోపలే దాచుకుంటుంది, మూలకి ఒదిగిపోతుంది, అలికిడికి ఉలికిపడుతుంది. మోసుకెళ్లేవాళ్లు చేయగలిగింది కొంచెమే. బోను వంచకూడదు. కుదపకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. జాలేసి గుడ్డ ఎత్తి చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎంతగా అరిచినా, ఎంత నీరసంగా కనిపించినా, నాలుగు గోడల మధ్య తలుపులు బిగించుకునేదాకా బోను తలుపు తెరవకూడదు. దారిలో జారిపోయిన పిల్లి దొరకదు. ఓడలో అయితే సముద్రమే.

రాత్రి గడిచింది. నల్లటి కురొషియో ప్రవాహం దాటారు. గాలి చల్లబడింది. మర్నాడు టోక్యో అఖాతంలో వంతెనలూ క్రేన్లూ కనిపించాయి.

పిల్లి బతికే ఉంది. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

* * *

టోక్యో శివారు. ఒక జంతు వైద్యశాల.

ఫినాయిలు వాసన. ట్యూబులైటు వెలుగు. పక్క గదిలో ఏదో కుక్క మొరుగుతోంది. లోహపు బల్ల మీద బోను దిగింది. గుడ్డ కాస్త పక్కకి జరిగిందో లేదో, లోపల్నుంచి పంజా దూసుకొచ్చింది.

వైద్యులకి తోలు చేతొడుగులు తప్పనిసరి. అడవిపిల్లిని చేత్తో తీయరు. బోను నోటికి పెద్ద పంజరం నోరు ఆనించి, మధ్యలో తలుపు జారుస్తారు. చీకటిగా కనిపించే మూల ఏదుంటే అటే ఉరుకుతుంది. అందుకే పంజరంలో ముందే ఒక పెట్టె పెడతారు, దూరి దాక్కోవడానికి. దాక్కునే చోటు దొరికిన పిల్లి తొందరగా కుదుటపడుతుంది. దాక్కోనివ్వని పిల్లి తిరగబడుతుంది. ఆ తర్వాత మత్తు. మత్తులోనే రక్తపరీక్షలు. పిల్లుల ఎయిడ్స్ వైరస్ ఉందా, లుకేమియా వైరస్ ఉందా, కడుపులో పురుగులున్నాయా, చెవుల్లో మైట్లున్నాయా. టీకాలు. సంతానం కలగకుండా ఆపరేషన్.

ఇదంతా వైద్యం. దీనికి పద్ధతులున్నాయి. దాని తర్వాత వచ్చేదానికే పుస్తకం లేదు.

రోజూ అదే వేళకి తిండి పెట్టడం. అదే మనిషి, అదే గొంతు, అదే నడక. గిన్నె పెట్టి వెళ్లిపోవడం. పిల్లి తినదు. లైట్లు ఆర్పాక తింటుంది. కొన్నాళ్లకి గిన్నె పెట్టి, వెళ్లిపోకుండా పక్కన కూర్చోవడం. కళ్లలోకి సూటిగా చూడకూడదు. పిల్లుల లోకంలో అది సవాలు. చూపు తిప్పుకుని, రెప్పలు మెల్లగా వాల్చి, మెల్లగా ఎత్తాలి. నీతో నాకు పేచీ లేదని చెప్పడం అది. లోపల్నుంచి మాత్రం అదే గుర్రు. చెయ్యి పంజరం మీద పడితే చాలు, తీగల మీదికి దూకుడు. పెట్టెలోంచి రెండు కళ్లు. మనిషి వచ్చిన ప్రతిసారీ అవే రెండు కళ్లు, రెప్పవేయకుండా.

వారాలు గడిచాయి. పిల్లికి ఒక పేరు వచ్చింది. మైకేల్.

పేరుంది. ఇల్లు ఇంకా లేదు. అడవిలో ఎదిగిన పిల్లి ఇంటి పిల్లి అవుతుందా అన్న ప్రశ్న వెయ్యి కిలోమీటర్ల అవతల దీవిలోనూ నలుగుతోంది. అది గనక కాకపోతే, తర్వాత పట్టే పిల్లులకి ఏ డాక్టరు తలుపు తీస్తాడు? మైకేల్ ఒక్కడి తలరాత కాదు అక్కడ తేలాల్సింది.

గుర్రు కొంచెం తగ్గింది. మనిషి ఉండగానే గిన్నె దగ్గరికి వచ్చాడు. తింటున్నప్పుడు చెవులు వెనక్కి పెట్టడం మానేశాడు. పొడుగాటి పుల్ల చివరతో బుగ్గ తాకితే దూకలేదు. పుల్ల పొట్టిదైంది. ఇంకా పొట్టిదైంది. చివరికి పుల్ల లేదు, వేలు మాత్రమే ఉంది.

వేలు ముందుకి వెళ్లింది. మైకేల్ వాసన చూశాడు. పంజా లేవలేదు. తల వంచి, బుగ్గని ఆ వేలికేసి రుద్దాడు.

నెలలు పట్టింది. కానీ అయింది. బూబీని నోట కరుచుకున్న వేటగాడు మనుషుల ఒళ్లోకి ఎక్కే పిల్లి అయ్యాడు. వైద్యశాలే వాడి ఇల్లయింది.

ఆ కబురు దీవికి చేరింది.

* * *

ఇప్పుడు పాత ప్రశ్నకి జవాబు దొరికింది. కానీ మైకేల్‌లాంటివాళ్లు అడవిలో ఇంకా ఎందరో ఉన్నారు. ఈసారి ఆపదలో ఉన్నది ఒగసవారాలో తప్ప ఇంకెక్కడా లేని పావురం. ఒళ్లంతా నలుపు, తల ఎర్రటి రాగి రంగు. నేల మీద దిగి విత్తనాలు ఏరుకుంటుంది. అక్కడే పిల్లికి దొరికిపోతుంది. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లలోనూ దాన్ని కళ్లారా చూసినవాళ్లు అరుదు. అంతగా తగ్గిపోయింది.

2008 జనవరిలో చిచిజిమాలో ఒక పెద్ద సమావేశం జరిగింది. పక్షుల శాస్త్రవేత్తలు, అధికారులు, పశువైద్యులు, దీవి జనం ఒకే గదిలో కూర్చున్నారు. పక్షి వైపు ఎవరు, పిల్లి వైపు ఎవరు అని రెండు జట్లుగా చీలిపోయే ప్రమాదం నిండుగా ఉన్న గది అది. చీలలేదు. టోక్యోలో తలుపు తెరుచుకుని ఉందని అందరికీ తెలుసు. పిల్లిని చంపాల్సిన పని లేనప్పుడు పిల్లిని ప్రేమించేవాళ్లే బోను మోయడానికి ముందుకొచ్చారు.

2010 నుంచి చిచిజిమా కొండల్లో పట్టే పని ఊపందుకుంది. పట్టిన పిల్లుల్ని ఓడ వచ్చేదాకా ఉంచడానికి దీవిలోనే ఒక వసతి ఏర్పాటైంది. ఓడ వెళ్లిన ప్రతిసారీ అన్నట్టు పిల్లులు ఉత్తరానికి వెళ్లాయి. టోక్యో వైద్యశాలలు ఒక్కొక్కటీ ఒకటో రెండో పిల్లుల్ని వంతుకి తీసుకున్నాయి. మాలిమి చేశాయి. ఇళ్లు వెతికాయి. టోక్యో నుంచి వైద్యులు దీవులకి వచ్చి ఊళ్లోని పెంపుడు పిల్లుల్నీ చూశారు, ఆపరేషన్లు చేశారు, గుర్తు చిప్పులు వేశారు. ఇంట్లో ఉన్న పిల్లి అడవిపాలు కాకుండా ఉంటేనే కదా అడవి ఖాళీ అయ్యేది.

2010 నుంచి 2013 మధ్య చిచిజిమా నుంచి తరలించినవి 131 పిల్లులు.

మరి పావురం? ఇక్కడే శాస్త్రవేత్తలు కళ్లు నులుముకున్నారు. ఇంత తగ్గిపోయిన జాతి దగ్గరి రక్తసంబంధాల వల్ల చిక్కిపోతుందని, శత్రువు పోయినా కోలుకోవడం కష్టమని అందరి అంచనా. ఆ మూడేళ్లలోనే వందకి కాస్త పైనున్న పెద్ద పావురాలు వెయ్యికి చేరువయ్యాయి. కారణమేమిటో తర్వాత క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు జన్యువుల్లో వెతికారు. ఎంతోకాలంగా చిన్న గుంపుగానే బతికిన ఆ పావురాల్లో చెడు జన్యువులు ఎప్పుడో వడకట్టుకుపోయాయని తేలింది. వాటికి రోగమేమీ లేదు. కావలసింది ఒకటే, కాస్త భయం లేని నేల.

2011 జూన్‌లో యునెస్కో ఒగసవారాని ప్రపంచ సహజ వారసత్వ స్థలంగా ప్రకటించింది. మినమిజాకిలో పిల్లులు రాకుండా కంచె కట్టారు. ఆ కంచె వెనక షియర్‌వాటర్లు మళ్లీ బొరియలు తవ్వాయి, పిల్లల్ని ఎగరేశాయి.

* * *

ఇదంతా ఖర్చు లేకుండా జరగలేదు. అడవిలో బోన్లు మోసే మనుషులు కావాలి, ఏడాది పొడవునా. పిల్లుల్లో కొన్ని తొందరగా మాలిమి అవుతాయి, కొన్నిటికి ఏళ్లు పడుతుంది. కొండల్లో రెండు పిల్లులు మిగిలినా మళ్లీ పిల్లలు పుడతాయి. అందుకే పట్టే పని ఆపడానికి వీల్లేదు. సూదితో అరనిమిషంలో ముగిసేదాన్ని ఇన్నేళ్ల చాకిరీగా మార్చుకున్నది దీవి జనమే, ఇష్టపడి.

మన ఊళ్లల్లోనూ పిల్లుల్ని తరలిస్తూనే ఉంటారు. గోనెసంచిలో వేసి, మూతి బిగించి, బండి మీద పెట్టుకెళ్లి, చెరువుగట్టు అవతలో మార్కెట్ యార్డు వెనకో విప్పేసి వస్తారు. దాన్ని తరలించడం అనరు. ఆ పిల్లి ఇల్లు వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది, లారీ కింద పడుతుంది, లేదా అక్కడి పిల్లుల చేతిలో గాయపడి ఆకలితో చస్తుంది. పెంచుకున్న జంతువుని ఆకలికి, దాహానికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

వీధిపిల్లి ఉన్నచోట దానికి నిజంగా ముప్పు ఉందా? ఉంటే ముందు చేర్చే చోటు ఖాయం చేయండి. రోజూ తిండి పెట్టే మనిషి అక్కడ ఉన్నాడో లేదో చూడండి. పశువైద్యుడితో మాట్లాడి ఆపరేషన్, టీకాలు చేయించండి. కొత్తచోట కనీసం రెండు మూడు వారాలు తలుపులేసిన గదిలోనో పెద్ద పంజరంలోనో ఉంచండి, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టండి, ఆ చోటి వాసనా ఆ మనిషి గొంతూ తనవి అయ్యాకే తలుపు తీయండి. ముప్పేమీ లేకపోతే ఆపరేషన్ చేయించి ఉన్నచోటే ఉండనివ్వండి.

ఇల్లు దొరకలేదా? అయితే తరలించడానికి బోను పెట్టకండి.